మూడు రాత్రుల నిద్ర

పది రోజులుగా నాకు చిరాకెత్తిపోతోంది. కారణం నవలా రచయిత యండమూరి వీరేంద్రనాథ్. ఆయన ఏమీ చెయ్యలేదు పాపం. ఆయన పేరు ఎత్తేవాళ్లతోనే నా తంటా.

శామీర్‌పేట చెరువు వైపు పొద్దున్నే నడిచే మా బృందంలో ఒకాయన ఫోన్లో యండమూరి ఇంటర్వ్యూ ఏదో చూశాడు. అంతే, మొదలు. "తులసిదళం చదివి మూడు రాత్రులు నిద్రపోలేదండీ!" వెనకనున్న రిటైర్డ్ బ్యాంకాయన అందుకున్నాడు: "నేనూ మూడే." మోకాలికి పట్టీ చుట్టుకుని నడిచే ఇంకొకాయనకీ మూడే. ఒక్కరైనా రెండు అనరు, నాలుగు అనరు. అందరూ కూడబలుక్కుని ఒకే చీటీలో రాసుకున్నట్టు మూడు రాత్రులు! అది తులసి అనే చిన్నపిల్ల మీద చేతబడి కథ, 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన యండమూరి సీరియల్. వారానికో భాగం, భాగానికి మూడు రాత్రుల జాగారం, మిగిలిన నాలుగు రాత్రులు తర్వాతి భాగం కోసం ఎదురుచూపు. ఈ లెక్కన ఆ రోజుల్లో తెలుగుదేశం మొత్తం కన్ను మూసిందే లేదు. ఆఫీసుల్లో ఫైళ్లు ఎందుకు కదలలేదో ఇప్పుడర్థమైంది. గుమాస్తాలు అక్కడ పడుకున్నారు.

రెండో మాట: "క్లాసు పుస్తకంలో పెట్టుకుని చదివేవాణ్ణి." ఏ పుస్తకంలో అని అడిగితే ఫిజిక్సు. అందరూ ఫిజిక్సే. తెలుగువాచకంలో దాచుకున్నవాడు ఇంతవరకు తగల్లేదు. మూడో మాట: "ఇప్పుడెవడు రాస్తున్నాడండీ అలా!" ఈ మాటన్న పెద్దమనిషి ఆఖరుసారి తెరిచిన పుస్తకం గ్యాస్ బుక్కు.

ఉండబట్టలేక ఒకరోజు అడిగాను: "అయితే చివరికి ఆ పిల్ల బతికిందా?"

కట్ట మీద కొంగలు కూడా కదల్లేదు. కాసేపటికి బ్యాంకాయన గొంతు సవరించుకుని, "తులసి అని రెండో భాగం వచ్చిందిగా, బతికే ఉంటుంది" అన్నాడు. కథ గుర్తులేకపోయినా బ్యాలెన్సు సరిపెట్టాడు. మోకాలి పట్టీ ఆయన, "అందులో చిరంజీవి హీరో కదండీ" అన్నాడు. యండమూరి నవలల్లో చిరంజీవి సినిమాలైనవి అభిలాష, ఛాలెంజ్, రాక్షసుడు, 1983 నుంచి 1986 దాకా వరసగా వచ్చినవి. ఆ చిన్నపిల్లని ఆదుకోవడానికి ఆయన్ని పిలవనేలేదు.

టీవీవాళ్లూ ఇంతే. ఆయన నోరు తెరిస్తే "సంచలన వ్యాఖ్యలు", మూస్తే "యండమూరి మౌనం వెనక?" తర్వాత ప్రశ్న మాత్రం ఒకటే: మళ్లీ తులసిదళం లాంటిది ఎప్పుడు? అవతల మనిషి 'విజయానికి ఐదు మెట్లు' రాసి ఎన్నేళ్లయిందో! ముందు భయపెట్టి, తర్వాత ధైర్యం చెప్పాడు. చార్టర్డ్ అకౌంటెన్సీ చదివిన మనిషి కదా, డెబిట్‌కి క్రెడిట్ వేసేశాడు. రచయిత్రి రంగనాయకమ్మగారైతే "తులసిదళం కాదు, గంజాయి దమ్ము" అని దులిపేశారు. తిట్టడానికైనా చదవాలి. మావాళ్లకు ఆ శ్రమ కూడా లేదు.

ఇక నిమ్మకాయల సంగతి. గత అమావాస్య మర్నాడు మా కాలనీ మలుపులో, రోడ్డు మధ్యన మూడు నిమ్మకాయలు. పక్కనే ఎర్రగా ఏదో మరక. బృందం ఠక్కున ఆగిపోయింది. "కాష్మోరా" అన్నాడు బ్యాంకాయన, నెమ్మదిగా. నలభై ఏళ్ల కిందటి నవలలోని చేతబడి, కథ సాంతం మర్చిపోయినవాడి నోట్లోంచి అక్షరం పొల్లుపోకుండా వచ్చింది! రచయిత గొప్పతనం అంటే అదీ, ఒప్పుకుంటాను. ఆయన ఆ నవలలో ఇది చేతబడా, జబ్బా అని చదివేవాణ్ణి అటూ ఇటూ లాగుతాడు. మా బృందానికి ఆ ఊగిసలాట లేదు. ఆరుగురూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి, పిల్లకాలవ పక్కన ముళ్లకంపలోంచి చుట్టూ తిరిగి వెళ్లారు. మోకాలి పట్టీ ఆయన పట్టీ కంపకి తగులుకుని అక్కడే ఉండిపోయింది.

నేను మాత్రం నిలబడి లెక్కేశాను. మండువేసవి. నిమ్మకాయ పది రూపాయలు. మూడు కాయలంటే ముప్పై. మా మీద అంత పెట్టుబడి పెట్టేంత పగ ఎవరికుంటుంది? నా సొంత బావమరిదే పండక్కి కిలో అరటిపళ్లతో సరిపెడతాడు. పోనీ కట్ట మైసమ్మ గుడి దగ్గర కొత్త కారుకి పూజ చేయించుకున్నవాళ్లు జారవిడిచారా అంటే, టైరు కింద పడ్డ నిమ్మకాయ అంత నిండుగా ఉండదు. ఇలా నేను పరిశోధనలో ఉండగా మా వాచ్‌మన్ వెనకనించి, "సార్, గవి దాటకుండ్రి" అని కేకేశాడు. అంత విచారణా అక్కడ నీరుగారిపోయి నేనూ ముళ్లకంప దారి పట్టాను. మర్నాడు రాజీవ్ రహదారి మీద చెరుకురసం బండివాడు గ్లాసందిస్తూ గోలపెట్టాడు: "నిన్న గుంతల బండి ఎగిరి మూడు నిమ్మకాయలు పోయినయ్ సార్. దొరుకుతయేమో అని ఎనక్కొచ్చి సూస్తె ఒక్కడు గూడ ముట్టలే!" ఎర్ర మరక పాన్. ఈ సంగతి బృందానికి చెప్పాను. ఎవరూ నమ్మలేదు. బండివాడి ముఖంలోనే ఏదో ఉందన్నారు.

ఇంత వెటకారం చేస్తున్నానా, నిజం చెప్పాలంటే మూడు రాత్రుల మాట నేనూ చాలాచోట్ల అన్నవాణ్ణే. నేను తులసిదళం చదవలేదు. విన్నాను. తెనాలిలో మా డాబా మీద అక్క గురువారం గురువారం చదివి వినిపించేది. భయం వేసే చోట ఆపి, నా మొహం చూసి మరీ చదివేది. సీరియల్ మధ్యలో అక్క పెళ్లయింది. నరసరావుపేటలో మామగారికి వారపత్రికలంటే పడదు, కోడళ్లు చెడిపోతారని. "జరిగిన కథ వారంవారం రాయరా" అని ఇన్‌లాండ్ లెటరు రాసింది. రెండు వారాలు రాశాను. మూడో వారం క్రికెట్టు. తర్వాత మరి రాయలేదు. అక్క లేని ఇంట్లో ఆ పత్రిక తెరవాలనిపించలేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ, అసలు కారణం క్రికెట్టే.

అక్క ఇప్పుడు కొడుకు దగ్గర మేడ్చల్‌లో ఉంటోంది. మాకు అరగంట దారి. ఆదివారం ఆ పుస్తకం కొని, లారీల వెనకాల దుమ్ము తింటూ వెళ్లాను.

"ఇప్పుడెందుకురా ఇది?" అంది.

"అప్పుడు రాయడం మానేశాను కదా, అక్కా."

"రాకపోతే ఏమయిందిరా? మా తోటికోడలు ప్రాణం తీసేది, తర్వాతేమైంది, తర్వాతేమైంది అని. మిగతాదంతా నేనే కల్పించి, పప్పు రుబ్బుతూ చెప్పేదాన్ని. ఆర్నెల్లు నడిపించా."

"మరి నీ కథలో తులసి బతికిందా?"

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "చంటిపిల్లని ఎలా చంపుతానురా?" అని, పుస్తకం ఫ్రిజ్ మీద పెట్టి కాఫీ కలపడానికి లేచింది.