బుస కొట్టే బ్రేకు

ఇదిగో, మళ్లీ కొట్టింది బుస. పదిహేను రోజులుగా ఇదే వరస. బ్రేకు మీద కాలు వెయ్యడం ఆలస్యం, డాష్‌బోర్డు కింద ‘బుస్స్’ మంటుంది. పెడల్ మాత్రం రుబ్బురోల్లో పొత్రంలా కదలదు. బెంజి సర్కిల్ దగ్గర సీట్లోంచి లేచి మరీ తొక్కుతుంటే, పక్కన ఆటో అతను కళ్లంలో కుప్ప తొక్కేవాణ్ణి చూసినట్టు చూశాడు.

కారులో పాము దూరిందని మా ఆవిడ తేల్చేసింది. కాదన్నాను. కాదనడానికి ఆధారమేమిటంది. మేం నాగుల చవితికి పుట్టలో పాలు పొయ్యలేదని పై ఫ్లాటు పిన్నిగారు తన వంతు ఆధారం అందించారు. ఆ సాయంత్రమే ముందు టైరు పక్కన గిన్నెడు పాలు వెలిశాయి. తెల్లారేసరికి గిన్నె ఖాళీ. “చూశారా!” అంది. మా అపార్టుమెంటు పిల్లి ఆ వారంలో ఒళ్లు చేసిన సంగతి ఎవరికీ పట్టలేదు. వాచ్‌మన్ కర్ర పుచ్చుకుని కాపలా కూర్చున్నాడు. అటూ ఇటూ ఉన్నవాళ్లు తమ కార్లు దూరంగా జరుపుకున్నారు. పదేళ్లుగా జానెడు చోటు కోసం కొట్టుకు చస్తున్న సెల్లార్లో నాకొక్కడికే రెండు కార్ల జాగా! పాముంటే ఉందిలే అనిపించిన మాట నిజం.

చివరికి పాములు పట్టే కుర్రాణ్ణి పిలిపించారు. టార్చి వేసి, తల డాష్‌బోర్డు కిందికి పెట్టి, “ఇంజను వేసి బ్రేకు తొక్కండి సార్” అన్నాడు. తొక్కాను. బుస్స్. కళ్లు మూసుకుని విన్నాడు. ఇంకోసారి తొక్కమన్నాడు. “పాము కాదు సార్. బూస్టర్లో డయాఫ్రం చిరిగింది. మా బావ ఆటోనగర్లో మెకానిక్” అన్నాడు. పాము లేదని చెప్పినందుకు అయిదొందలు.

ఆ బావ చెప్పగా తెలిసింది. పెడల్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య పళ్లెమంత డబ్బా ఉంటుంది, అందులో రబ్బరు పొర. పొరకి ఒకవైపు గాలిని ఇంజను లాగేస్తుంది. మనం తొక్కగానే రెండోవైపు బయటిగాలి దూరి పొరను తోస్తుంది. 25 సెంటీమీటర్ల పొర మీద ఆ తోపు 300 కిలోలు దాటుతుంది. అంటే ఇన్నేళ్లూ బ్రేకు వేసింది గాలి. నేను ఊఁ కొట్టానంతే.

ఈలోగా డల్లాస్ నుంచి అల్లుడుగారు. “మామయ్యగారూ, ఇంకా ఆ రబ్బరేమిటండీ! ఎలక్ట్రిక్ బూస్టర్ వేయించెయ్యండి” అన్నారు. కరెంటు కార్లలో గాలి పీల్చడానికి ఇంజనే ఉండదు, అంచేత మోటారే తోస్తుంది. బాష్ కంపెనీ 2013లో తెచ్చిన ఐబూస్టర్ అలాంటిదే. అక్కడివాళ్లు తుక్కయిన టెస్లాల్లోంచి దాన్ని ఊడదీసి పాత కార్లకి బిగించుకుంటున్నారట. “ఒకటి పంపనా?” అన్నారు. పెళ్లయినప్పట్నుంచి ఆయన నాకు పంపుతానన్న మొదటి వస్తువు ఇది. కళ్లు చెమర్చాయి.

మెకానిక్‌కి చెబితే శాంతంగా విన్నాడు. “బిగించొచ్చు సార్. బ్రాకెట్ చెయ్యాలి, పుష్‌రాడ్ కొలత సరిచెయ్యాలి, బ్యాటరీ నుంచి లావు వైరు లాగి ఫ్యూజు పెట్టాలి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షనుంది, ఆర్టీవో ఆఫీసు చుట్టూ మీరు తిరగాలి. అవన్నీ సరే. ఇవాళ బండి ఎలా స్టార్టయింది?”

“తోయించాను. బ్యాటరీ వీకు.”

నా వంక చూశాడు. ఇంకేమీ అనలేదు.

మా నాన్నగారి పాత అంబాసిడర్‌కి ఏ బూస్టరూ లేదు. ఎంత బండినైనా కాలి సత్తువతోనే ఆపేవారు. పెద్దవారయ్యాక నా కారులో పక్కన కూర్చుని కూడా, ఎదురుగా లారీ కనబడితే చాలు, కుడికాలు నేలకేసి నొక్కేవారు. “నేను తొక్కుతున్నాను కదా నాన్నా” అని విసుక్కునేవాణ్ణి. ఆయన కాలు తీసేవారు కాదు. ఆ మ్యాటు మీద ఆయన మడమ చోట అరిగిన గుంట ఇంకా ఉంది. మొన్న మెకానిక్ కుర్రాడు కొత్త మ్యాటు వెయ్యబోతే వద్దన్నాను.

పాత రకం బూస్టరే వేయించాను. బుస పోయింది. సెల్లార్లో రెండో జాగా కూడా పోయింది.