బాగా చదువుకోమని చెప్పడమైనది

పిల్లల మనసు గురించి మన ప్రభుత్వాలకు పట్టదని అనేవాళ్లు ఏదైనా విద్యాశాఖ ఆఫీసులో ఒక పూట బీరువాలు తెరిపించి చూడాలి. కార్పొరేట్ కాలేజీల్లో పిల్లలు ఎందుకు చనిపోతున్నారో తేల్చమని ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీ వేశారు. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ మళ్లీ అదే ప్రశ్నతో బయల్దేరింది. నడుమ పదహారేళ్లలో పిల్లలు మారారు, బ్రాంచీలు పెరిగాయి, ఫీజులు ఎక్కడికో వెళ్లాయి. ప్రశ్న మాత్రం చెక్కుచెదరలేదు. 2017లోనే పార్లమెంటు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేసింది. 2020లో కేంద్రం విద్యార్థుల మనోధైర్యానికి మనోదర్పణ్ అంది. ఆ ఏడాదే ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా నియమించమంది. 2022 అక్టోబరు 10న టెలీమానస్ హెల్ప్‌లైన్ వచ్చింది, నంబరు 14416. ఇంత చేశాక కూడా పిల్లలకు దిగులేస్తోందంటే అది వాళ్ల క్రమశిక్షణా లోపమే అయ్యుండాలి.

2022లో దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క కట్టింది. నేరాల లెక్కలు రాసే సంస్థే ఈ లెక్కా రాస్తుంది. నేరం ఎవరిదన్న గడి ఒక్కటే ఆ పట్టికలో కనిపించదు.

విశాఖలో నీట్ కోచింగ్‌కొచ్చిన పదిహేడేళ్ల బెంగాలీ అమ్మాయి 2023 జులైలో చనిపోతే, ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జులై 25న కోర్టు ఆ కేసును సీబీఐకి ఇచ్చి, అక్కడితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా ఇదే చట్టం అంది. నూరుమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి చోటా శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు. నలుగురిలో అవమానించకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కొట్టొచ్చినట్టు కనిపించాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.

మన కాలేజీలు కోర్టు మాట జవదాటే రకం కాదు. అమలు ఎలా ఉంటుందో తెలియాలంటే అన్నీ కలిపి ఒక కాలేజీని ఊహించుకోండి. పేరెందుకు, బోర్డు మార్చితే ఏదైనా ఒకటే.

కౌన్సెలర్ కావాలనగానే ప్రిన్సిపాల్ గారు టైమ్‌టేబుల్ ముందేసుకున్నారు. లీజర్ పీరియడ్లు ఎవరికి ఎక్కువున్నాయి? మ్యాథ్స్ వాళ్లకు ఊపిరాడదు. ఫిజిక్స్ సారు పొద్దున ఒక క్యాంపస్‌లో, మధ్యాహ్నం ఇంకో క్యాంపస్‌లో ఉంటాడు. మిగిలింది సంస్కృతం సారు. ఇంటర్లో సంస్కృతం తీసుకునేది మార్కుల కోసం కాబట్టి, పబ్లిక్ పరీక్షలు దగ్గరపడేదాకా ఆయనకు పని తక్కువ. ఆయన చేతి మీదుగా వెళ్లినవాడికి తొంభై అయిదుకి తగ్గి వచ్చిన దాఖలా లేదు. పిల్లల్ని ఏనాడూ ఏడిపించని ఏకైక సబ్జెక్టు ఆయనదే. అంతకుమించిన అర్హత ఏముంటుంది? మర్నాటి నుంచి స్టాఫ్‌రూమ్ పక్కనున్న స్టోర్‌రూమ్ మీద ‘మనోవికాస కేంద్రం’ అని ఫ్లెక్సీ వెలిసింది. లోపల పాత ఆన్సర్ షీట్ల కట్టలు, ఒక స్టూలు, ఒక రిజిస్టరు.

రిజిస్టర్లో ఆరు గడులు. తేదీ, విద్యార్థి పేరు, అడ్మిషన్ నంబరు, సమస్య, ఇచ్చిన సలహా, సంతకం. ఆ రిజిస్టరు రోజూ సాయంత్రం ప్రిన్సిపాల్ బల్ల మీదికి చేరుతుంది, పేరెంట్స్ మీటింగ్ నాడు అందరి ముందూ తెరుచుకుంటుంది. మానసిక సమస్యతో వచ్చినవాడి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టం అంటుంది. అందుకే అట్ట మీద ‘కాన్ఫిడెన్షియల్’ అని ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశారు.

సంస్కృతం సారు మంచివాడు కావడం వల్ల మొదటి వారంలోనే చిక్కొచ్చింది. ఒక కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. రాత్రి నిద్ర పట్టడం లేదు, పట్టేసరికి అయిదింటి బెల్లు కొడుతుంది, పుస్తకం తెరిస్తే అక్షరాలు కదులుతున్నాయి అన్నాడు. సారు మధ్యలో అడ్డు తగల్లేదు. పీరియడంతా విన్నాడు. కుర్రాడు వెళ్లాక ‘ఇచ్చిన సలహా’ గడిలో నిజాయితీగా రాశాడు: ‘ఈ అబ్బాయికి నిద్ర కావాలి. రాత్రి స్టడీ అవర్ గంటన్నర తగ్గించాలి. ఆదివారం పరీక్ష పెట్టకూడదు.’

సాయంత్రం ఏఓ గారు పిలిపించారు.

“ఏంటి సార్ ఇది?”

“సలహా సార్.”

“సలహా పిల్లాడికివ్వాలి సార్, కాలేజీకి కాదు. రేపు ఇన్‌స్పెక్షన్‌కి ఎవరైనా వచ్చి ఇది చదివితే?”

ఆ రోజు నుంచి ఆ గడిలో రాత ఒక్కటే: ‘బాగా చదువుకోమని చెప్పడమైనది.’ నిద్ర పట్టనివాడికీ అదే, అమ్మ మీద బెంగపెట్టుకున్నవాడికీ అదే, వార్డెన్ కొట్టాడని వచ్చినవాడికీ అదే. ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన అధికారి ఏ పేజీ తిరగేసినా తేడా కనిపించక ముచ్చటపడి, ‘రికార్డు నిర్వహణ సంతృప్తికరం’ అని సంతకం పెట్టి, కాఫీ తాగి వెళ్లాడు.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. ఈ ఏర్పాటులో కాలేజీ లాజిక్‌కి తిరుగులేదు. పొద్దున్నుంచి రాత్రి పది దాకా పిల్లాణ్ని కూర్చోబెట్టే టైమ్‌టేబుల్ బాగానే ఉంది, వీకెండ్ పరీక్ష బాగానే ఉంది, ర్యాంకుల బోర్డు బాగానే ఉంది. బాగాలేనిది పిల్లాడొక్కడే. మరి మరమ్మతు ఎవరికి చేయాలి?

హెల్ప్‌లైన్ ఆదేశం కూడా అక్షరాలా అమలైంది. మెస్ గోడ మీద, సాంబారు మరకలు పడని ఎత్తులో, 14416 పోస్టరు అతికించారు. ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. అన్నీ నిజమే. హాస్టల్లో ఫోన్లు మాత్రం నిషిద్ధం. ట్రంకు పెట్టెలో దొరికితే లాక్కుని, ఇంటికి కబురుపెట్టి, అసెంబ్లీలో నిలబెడతారు. కాబట్టి దిగులుగా ఉన్న పిల్లాడు చేయాల్సిందల్లా ఫ్లోర్ ఇన్‌చార్జి దగ్గరికెళ్లి, “సార్, మీ ఫోను ఒకసారిస్తారా, మీ గురించి చెప్పుకోవాలి” అనడమే.

ఫోను అసలే లేదనడం అన్యాయం. ఆదివారం ఉంది. ఆఫీసు కిటికీ దగ్గర ఒక ఫోను, దాని వెనక ముప్పై మంది వరస.

“ఏరా నాన్నా, తిన్నావా?”

“ఆఁ.”

“ఆరోగ్యం బాగుందా?”

“ఆఁ.”

“వీకెండ్‌లో ఎంతొచ్చింది?”

ఆ ప్రశ్నకు ‘ఆఁ’ సరిపోదు. గొంతు సవరించుకునేలోపు వెనకవాడు వీపు మీద పొడుస్తాడు, టైమైపోయిందని. ఇంట్లో అమ్మ ఫోను పెట్టేసి, “బాగానే ఉన్నాడండీ, ఎక్కువ మాట్లాడ్డంలేదు, చదువులో పడ్డట్టున్నాడు” అంటుంది.

మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు చేయొద్దన్నారు కదా, మన కాలేజీ ఆ పేర్లన్నీ పీకేసింది. సూపర్ సిక్స్టీ లేదు, స్టార్ బ్యాచ్ లేదు. ఇప్పుడన్నీ నదులు. గంగ అంటే ఐఐటీ, గోదావరి అంటే ఎన్ఐటీ, కృష్ణ అంటే ఈఏపీసెట్, మూసీ అంటే ఫీజు కడితే చాలు. సోమవారం ఫలితాలు అంటించగానే కొంతమంది మంచాలు, పెట్టెలు మోసుకుని ఒక నదిలోంచి ఇంకో నదిలోకి పోతారు. నదుల అనుసంధానం ఈ దేశంలో ఇంత చురుగ్గా ఇంకెక్కడా జరగడం లేదు.

హాస్టల్ గదుల్లో ప్రమాదం లేని ఫ్యాన్లు పెట్టాలని కూడా కోర్టు చెప్పింది, అది వారం తిరక్కుండానే అయిపోయింది. అది తప్పనను. ఒక ప్రాణం నిలబెట్టే పని ఎవరు చేసినా దండం పెట్టాల్సిందే. కాకపోతే ఫ్యాను ఒకసారి కొంటే సరిపోతుంది, కౌన్సెలర్‌కి నెలనెలా జీతమివ్వాలి. పైగా ఫ్యాను రిజిస్టర్లో ఏమీ రాయదు.

ప్రైవేటు వాళ్లను ఇంతగా ఆడిపోసుకుని సర్కారు బడిని వదిలేస్తే పక్షపాతం అంటారు. అక్కడ ఆరోగ్య రాయబారులున్నారు, ఒక సారు, ఒక మేడం. కౌమారంలో ఉన్న పిల్లలతో కూర్చుని వాళ్ల భయాలు, సందేహాలు మాట్లాడాలి. రాయబారం మొదలుపెట్టే ముందు మేడం పిల్లల హాజరు యాప్‌లో ఎక్కించాలి, తన హాజరూ వేసుకోవాలి, మధ్యాహ్న భోజనం లెక్క పంపాలి. ఆంధ్రలో టీచర్ల చేత మరుగుదొడ్ల ఫొటోలు తీయించిన రోజులూ ఉన్నాయి. తెలంగాణలో 2024 నవంబరులో ఇంటింటి కులగణనకు పంపింది కూడా బడి పంతుళ్లనే. ఇవన్నీ అయ్యాక బెల్లు కొట్టే లోపు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి వచ్చి, “మేడం, ఒక మాట చెప్పాలి” అంటే, మేడం తలెత్తకుండానే, “సర్వర్ రానీవే తల్లీ” అంటుంది.

సర్వర్ వచ్చింది, పిల్ల మాటా విన్నది, డాక్టరు దగ్గరికి పంపాల్సిన సంగతేనని గ్రహించింది అనుకుందాం. ఎక్కడికి పంపాలి? దేశంలో లక్షమందికి సగటున 0.75 మంది సైకియాట్రిస్టులున్నారని పార్లమెంటు స్థాయీ సంఘం 2023లో చెప్పింది. ముగ్గురుండాలట. అంటే మన వాటాకి ముప్పావు డాక్టరు. ఆ ముప్పావు కూడా ఉండేది పట్నంలో. మండలానికి మిగిలే ముక్క ఎంతో మ్యాథ్స్ సారునే అడగాలి.

పెద్దలకు కౌన్సెలింగ్ అవసరమైన సందర్భాలు మన దగ్గర లేకపోలేదు. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయా? తెలుగులో 99 వచ్చిన అమ్మాయికి మెమోలో సున్నా వేశారు. రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది, రోజుల వ్యవధిలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూశారు. అంతకుముందు మాత్రం టీవీల్లో కూర్చున్నవాళ్లంతా పిల్లలకు ధైర్యం గురించి చెప్పారు. ఓటమిని తట్టుకోవాలన్నారు, ఈ తరానికి ఓపిక లేదన్నారు. సరిగ్గా మార్కులు వేయమని బోర్డుకు చెప్పడం ఎవరికీ తోచలేదు. ఆ చర్చల నడుమ విరామంలో వచ్చే కాలేజీల ర్యాంకుల ప్రకటన అందరికీ కంఠతా వచ్చు: ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు...

మళ్లీ సంస్కృతం సారు దగ్గరికి వద్దాం. నిద్ర పట్టని కుర్రాడు ఇంకా చిక్కిపోతుంటే ఉండబట్టలేక తండ్రికి ఫోను చేశాడు.

“మీవాణ్ని ఒకసారి డాక్టరుకి చూపిస్తే మంచిదండీ.”

“జ్వరమా సార్?”

“కాదండీ. మనసు బాగాలేదు.”

అవతల కాసేపు మాట లేదు. “మావాణ్ని పిచ్చోడంటారా? ఎర్రగడ్డ తీసుకుపొమ్మంటారా? రేపు చెల్లెలి పెళ్లి చేయొద్దా మేం?”

ఆయన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఎకరం అమ్మి ఫీజు కట్టిన మనిషి. చెయ్యి విరిగిందంటే రాత్రికి రాత్రి బండి కట్టించుకుని వచ్చేవాడే. నలభై ఏళ్లుగా సినిమాల్లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెప్పి నవ్వించింది మనం, నవ్వింది కూడా మనం. ఇప్పుడు హఠాత్తుగా సిగ్గుపడొద్దంటే ఆయనకెలా కుదురుతుంది? తర్వాతి ఆదివారం తల్లి వచ్చి కొడుకు మెడలో తాయెత్తు కట్టి, సున్నుండల డబ్బా ఇచ్చి వెళ్లింది. కుర్రాడు మాత్రం స్టోర్‌రూమ్‌కి వస్తూనే ఉన్నాడు. పరీక్షలు పాసవుతాడో లేదో తెలియదు గానీ, ఆన్సర్ షీట్ల కట్ట మీద కూర్చుని రెండు సున్నుండలు తిని, సారుకు ఒకటి పెట్టి, నిన్న రాత్రి నాలుగు గంటలు పడుకున్నానని చెప్పాడట. ఆ సంగతి రిజిస్టర్లో లేదు. దానికి గడి లేదు.

ఇది మరీ ముదరకముందే యాజమాన్యం మేల్కొంది. ఆ స్టోర్‌రూమ్ ముందు లంచ్ బెల్లులో పిల్లలు వరస కడుతున్నారని ఫిర్యాదు వచ్చింది. స్టడీ అవర్లకు నష్టమన్నారు. మార్చి రాగానే సారును అడ్మిషన్ల పనికి వేశారు. జిల్లాలో ఊరూరా తిరగాలి, పదో తరగతి పిల్లల తల్లిదండ్రుల్ని కలవాలి, వేసవి ముగిసేలోగా నలభై సీట్లు నింపాలి, లేకపోతే జీతంలో కోత. మనిషి చెప్పింది ఓపిగ్గా వినే గుణం ఆయనకుందని, అడ్మిషన్లకు అది బాగా పనికొస్తుందని డీన్ గారు మీటింగులో మెచ్చుకున్నారట.

కౌన్సెలర్ పోస్టు ఖాళీ అయింది కాబట్టి కోర్టు మీద గౌరవంతో వెంటనే పేపర్లో ప్రకటన ఇచ్చారు:

‘కావలెను: మా కళాశాలకు మానసిక కౌన్సెలర్. సైకాలజీలో పీజీ చేసినవారికి ప్రాధాన్యం, లేనిచో ఏ పీజీ అయినా. నైట్ డ్యూటీ, ఇన్విజిలేషన్, బస్ ఇన్‌చార్జి బాధ్యతలు అదనం. వేసవిలో అడ్మిషన్ టార్గెట్ ఉండును. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో జమ చేయవలెను. మధ్యలో మానినచో తిరిగి ఇవ్వబడవు. ఒత్తిడి తట్టుకోలేనివారు దరఖాస్తు చేయనక్కరలేదు.’