కవిగారి జీపీఎఫ్

తెలుగులో కవిత్వం రాసి సంపాదించేవాళ్లు అరుదు. సంపాదించి కవిత్వం రాసేవాళ్లే ఊరూరా ఉన్నారు. చండ్రుగొండ లాంటి మండల కేంద్రంలోని కవిగారిని చూస్తే ఈ సంగతి ఇట్టే తెలుస్తుంది. పగలు బడిపంతులు, సాయంత్రం కవి, ఆదివారం కొత్తగూడెమో ఖమ్మమో పోయే బస్సులో ఒళ్లో పుస్తకాల సంచితో ఆత్మీయ అతిథి. సభలో ఆయన పేరు పిలిచేసరికి భోజనాల వేళవుతుంది. ‘ఒక్క నిమిషం’ అని అధ్యక్షులవారు చీటీ పంపుతారు. ఆ నిమిషమంతా కవిత పుట్టిన నేపథ్యానికే సరిపోతుంది; కవిత ఆ తర్వాత మొదలవుతుంది. శాలువా కప్పించుకుని, పుస్తకాలన్నీ సంతకం చేసి ఊరికే పంచి, ఆఖరి బస్సుకు తిరిగొస్తారు.

ఉద్యోగ కవులకు ఖర్చు ఈ ప్రాంతంలో కొత్త కాదు. 17వ శతాబ్దంలో పాల్వంచ తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండ చెరసాల పాలయ్యాడు. ఆ అనుభవం తెలిసిన కవులెవరూ ఖజానా జోలికి పోలేదు. పుస్తకం అచ్చు వేయించడానికి తమ భవిష్యనిధి, అదే జీపీఎఫ్, జోలికే పోయారు. 2004 సెప్టెంబరు నుంచి కొలువులో చేరినవాళ్లకు సీపీఎస్ అనే కొత్త పింఛను పథకం వచ్చి ఆ దారీ మూసుకుపోయింది కాబట్టి, వాళ్లు చీటీ పాడుతున్నారు. 2011 లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు ఎనిమిది కోట్ల పైమాటే. 500 కాపీలు వేస్తే లక్షా అరవై వేల మందికి ఒక్కటి. అయినా మంచం కింద మూడు కట్టలు పురికొస విప్పకుండానే ఉంటాయి; ఇల్లు ఊడ్చిన ప్రతిసారీ వాటికి చీపురు తగులుతుంది, కవిగారికి మాట తగులుతుంది.

‘పస ఉంటే జనం కొనరా?’ అంటారు కొందరు. శ్రీశ్రీ 1930లలో రాసిన కవితలు ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో. అంతటివాడికే అన్నేళ్లు పట్టిందంటే, పస ఒక్కటే ప్రెస్సు బిల్లు కట్టదన్నమాట. ‘చదివేవాళ్లకన్నా రాసేవాళ్లే ఎక్కువయ్యారు, కొందరైనా మానుకోవచ్చుగా?’ అన్నది రెండో మాట. పొద్దున్నే వాట్సాప్‌లో దిగే కవితలు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ తోటి కవి పుస్తకాన్ని, తప్పులు పట్టడానికైనా సరే, అట్టనుంచి అట్టదాకా చదివేది ఈ కవిగారే. ఆయన మానేస్తే రాసేవాడితో పాటు చదివేవాడూ పోతాడు. కాబట్టి ఈసారి ఆయన పుస్తకం చేతిలో పెడితే, వెనక అట్ట మీది వెల చూసి డబ్బులివ్వండి. ఆ సంతోషంలో ఇంకో కాపీ ఊరికే ఇవ్వబోతారు, దానికీ డబ్బులివ్వండి.