ఢిల్లీలో కోడలు, పల్లెలో అత్త

సరిహద్దు గీయడం పల్నాటివారికి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు అంటూ పన్నెండో శతాబ్దంలోనే ఒక రాజ్యాన్ని రెండు ముక్కలు చేసి, కోడిపందెం మీద ఏడేళ్ల వనవాసం ఒడ్డి, మిగిలిన లెక్క కారంపూడిలో తేల్చుకున్న సీమ ఇది. ఎంత నెత్తుటి పంపకమైనా దానిలో ఒక నిజాయితీ ఉంది. మాచర్ల ఇచ్చారంటే మాచర్లను ఏలుకోమనే అర్థం. 2022 ఏప్రిల్ 4న జరిగిన పంపకం అంతకంటే ఎంతో నాగరికమైనది. రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. గుంటూరు నుంచి పల్నాడు వేరుపడింది, నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. ఒక్క చుక్క నెత్తురు కారలేదు. అధికారమూ ఒక్క చుక్క కారలేదు. గీత గీసిన తీరు కూడా ముచ్చటైనదే. ఏరు చూడలేదు, నేల చూడలేదు, మిరప చేను, సున్నపురాయి గని చూడలేదు. నరసరావుపేట పార్లమెంటు స్థానంలోని 7 అసెంబ్లీ నియోజకవర్గాలను కట్టగట్టి జిల్లా అన్నారు. అందువల్ల అమరేశ్వరుడి గుడి ఉన్న అమరావతి పల్నాడు జిల్లాలో పడింది, రాజధాని అమరావతి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. స్వామి మాకు, సచివాలయం వాళ్లకు.

కొత్త జిల్లాతో పాటు కలెక్టరు వచ్చారు, ఎస్పీ వచ్చారు, సత్తెనపల్లికి రెవెన్యూ డివిజన్ వచ్చింది, బోర్డులూ జీపులూ వచ్చాయి. రానిది జిల్లా పరిషత్తు. 2021లో ఎన్నికైన 13 జడ్పీలే 26 జిల్లాలకూ సరిపెట్టుకున్నాయి. అంటే జిల్లా వచ్చాక కూడా మాచర్ల జడ్పీటీసీ సభ్యుడు తన మండలంలో మంచినీళ్ల పథకం గురించి అడగాలంటే గుంటూరు వెళ్లి, బాపట్ల జిల్లాలో కలిసిపోయిన రేపల్లె సభ్యుడి పక్కన కూర్చోవాల్సి వచ్చింది. పదవీకాలం మధ్యలో ఎన్నికైన సభను చీల్చితే చట్టపరమైన చిక్కులొస్తాయన్నారు. చిక్కు నిజమే, కాదనలేం. కానీ చిత్రం చూడండి. పైనుంచి పంపించే అధికారిని రాత్రికి రాత్రి ఇద్దర్ని చేయడానికి అడ్డురాని చట్టం, కిందినుంచి ఎన్నుకున్న సభను రెండు చేయబోతే మాత్రం గుమ్మంలో నిలబడింది. అప్పుడు నియమించేవాళ్ల లెక్కలో రాష్ట్రానికి 26 జిల్లాలు, ఓటేసేవాళ్ల లెక్కలో 13. ప్రతి జిల్లాకూ ప్రణాళికా సంఘం ఉండాలనీ, అందులో అయిదింట నాలుగు వంతుల మంది జిల్లా పంచాయతీ, మునిసిపాలిటీల సభ్యులు తమలోంచి ఎన్నుకున్నవారై ఉండాలనీ రాజ్యాంగం 243 జెడ్‌డీ అధికరణం చెబుతోంది. పరిషత్తే లేని జిల్లాలో ఆ ఎన్నుకునేవాళ్లు ఎక్కడినుంచి వస్తారో రాజ్యాంగం రాసినవాళ్లు ఊహించి ఉండరు.

దీనికి వెంటనే వచ్చే జవాబు దూరం. మాచర్ల నుంచి గుంటూరు వంద కిలోమీటర్లు దాటిన ప్రయాణం, నరసరావుపేట దగ్గర, పేదవాడు అర్జీ ఇవ్వడానికి ఒక పూట కూలి మిగులుతుంది అంటారు. మంచి మాటే, ఆ మిగులును తక్కువ చేయకూడదు. (మాచర్ల ప్యాసింజరు మాత్రం నడికుడి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా ఇప్పటికీ గుంటూరే పోతుంది. జిల్లా కేంద్రం దాని దారిలో లేదన్న సంగతి రైల్వేవారికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.) అయితే అర్జీ ఇచ్చే కిటికీ దగ్గరైనంత మాత్రాన నిర్ణయం దగ్గరైనట్టు కాదు. అర్జీని తీసుకునేవారు ఎనభై కిలోమీటర్లలో ఉన్నా, దాన్ని తేల్చేవారు వెలగపూడిలోనో తాడేపల్లిలోనో ఉంటే, జరిగింది తపాలా సౌకర్యం మెరుగుపడటమే.

ఈ మాట రాష్ట్ర నాయకులకు అర్థం కాక కాదు. తమ మీదికి వచ్చినప్పుడు వాళ్లకంటే బాగా చెప్పేవారు లేరు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని ప్రకటించిన ప్రత్యేక హోదా ఏమైందని ఒకరి తర్వాత ఒకరు ఢిల్లీని నిలదీశారు. 2018లో తెలుగుదేశం ఆ పేరు మీదే ఎన్డీయే నుంచి బయటికి వచ్చింది, 2019 తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ అడిగి అడిగి అలసిపోయింది. నిధులు ఆపుతున్నారు, వాటా తగ్గిస్తున్నారు, ఎన్నికైన ప్రభుత్వాన్ని మునిసిపాలిటీలా చూస్తున్నారు అని వాపోయారు. మునిసిపాలిటీని ఎలా చూడాలో మనవాళ్లకు అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, స్వానుభవం. అత్తా ఒకింటి కోడలే అంటారు గానీ, మన రాష్ట్రం పొద్దున ఢిల్లీలో కోడలిగా కన్నీళ్లు పెట్టుకుని, సాయంత్రానికి పల్లెలో అత్తగా తాళంచెవులు బొడ్లో దోపుకుంటుంది.

తాళంచెవుల సంగతి వివరంగా చూడాల్సిందే. 2020 జూలై 31న గవర్నరు ఆమోదించిన మూడు రాజధానుల చట్టం పేరులోనే వికేంద్రీకరణ ఉండేది. కార్యనిర్వాహక, శాసన, న్యాయ రాజధానులు విశాఖ, అమరావతి, కర్నూలు అన్నారు. సరిగ్గా ఆ ఏడాదే, ఏప్రిల్‌లో, ఒక ఆర్డినెన్సుతో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలం తగ్గించి నిమ్మగడ్డ రమేశ్‌కుమార్‌ను ఇంటికి పంపారు. మే 29న హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2021 జనవరి 25న ఎన్నికలు ఆపడం కుదరదని సుప్రీంకోర్టు అన్నాకే పంచాయతీ ఎన్నికలకు దారి దొరికింది. రాజధానిని మూడుచోట్లకు పంచడానికి తహతహలాడిన ప్రభుత్వాన్ని సర్పంచి ఎన్నికకు ఒప్పించడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం కావాల్సి వచ్చింది. తీరా సర్పంచి గెలిచి వస్తే ఆయన కుర్చీ పక్కన అప్పటికే గ్రామ సచివాలయం ఉంది, యాభై ఇళ్లకొక వలంటీరు ఉన్నాడు. అప్పట్లో వలంటీరుకు నెలకు 5,000 రూపాయలు, సర్పంచికి 3,000. నియమించినవాడికీ ఎన్నుకున్నవాడికీ మధ్య ధరల పట్టిక ప్రభుత్వమే వేలాడదీసింది. డబ్బు సంగతి అంతకంటే వింత. ఆర్థిక సంఘం సిఫారసుతో ఢిల్లీ నుంచి పంచాయతీలకని వచ్చిన సొమ్ము 2021లో కరెంటు బకాయిల పేరుతో డిస్కంలకు మళ్లింది. సర్పంచులు ఖాతా చూసుకుంటే సున్నా. ఖజానా బీదది, రాష్ట్రం దగ్గరే లేకపోతే పంచాయతీకేం ఇస్తుంది అని సమర్థించేవారున్నారు. నిజమే, కానీ ఆ సొమ్ము రాష్ట్రానిది కాదు, రాష్ట్రం మీదుగా పోయే సొమ్ము. దేవుడు వరమిచ్చాడు, పూజారి మీటరు రీడింగు తీశాడు.

ఇదంతా ఒక పార్టీ పాపమనుకుని రెండో పార్టీ వాళ్లు చంకలు గుద్దుకోనక్కర్లేదు. 2024 ఆగస్టులో పంచాయతీరాజ్ మంత్రిగా పవన్ కల్యాణ్ ఒక లెక్క బయటపెట్టారు. పంద్రాగస్టు జెండా పండుగకు చిన్న పంచాయతీకి ఇస్తున్నది 100 రూపాయలు, పెద్ద పంచాయతీకి 250. ముప్ఫై నాలుగేళ్లుగా అదే. జెండా తాడు, గుప్పెడు పూలు, బడిపిల్లలకు చాక్లెట్లు, అన్నీ ఆ వందలోనే. దాన్ని 10,000కూ 25,000కూ పెంచారు. పెంచినందుకు మెచ్చుకోవాల్సిందే. కానీ ఈ ముప్ఫై నాలుగేళ్లలో కాంగ్రెస్ ఏలింది, తెలుగుదేశం ఏలింది, వైఎస్సార్ కాంగ్రెస్ ఏలింది. రాజ్యాంగ 73వ సవరణ వచ్చింది, పదకొండో షెడ్యూలులో 29 అంశాలు వచ్చాయి. వంద మాత్రం వందగానే ఉంది. కేంద్రం మిథ్య అన్న ఎన్టీఆర్ ఒక్కరే ఆ మాటకు కాస్త లెక్క చూపించారనాలి. సమితులు తీసి మండలాలు పెట్టి, 1987లో మండలాధ్యక్షుణ్ణీ జడ్పీ చైర్మన్‌నూ నేరుగా జనం చేతే ఎన్నిక చేయించారు. తర్వాతివాళ్లు మిథ్యను కిందికి తోశారు.

ఈ జాడ్యం మనకొక్కరికే లేదు. 1978 రాజ్యాంగంతో స్పెయిన్‌లో 17 స్వయంపాలక ప్రాంతాలు ఏర్పడ్డాక, మాడ్రిడ్ వదిలిన అధికారం ప్రాంతీయ రాజధానుల్లోనే ఆగిపోయిందనీ, తమ దాకా రావడానికి రెండో వికేంద్రీకరణ కావాలనీ అక్కడి పురపాలకులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. మరీ దూరం వద్దనుకుంటే కేరళ ఉంది. 1996లో ప్రణాళికా వ్యయంలో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థల చేతిలో పెట్టింది. ఆ రాష్ట్రం కూలిపోలేదు, ముఖ్యమంత్రి ఉద్యోగమూ పోలేదు.

ఇక్కడ అసలైన అభ్యంతరం వస్తుంది. కేరళ వేరు, పల్నాడు వేరు, ఇక్కడ ఊరికి అధికారం ఇస్తే ముఠాలకు ఇచ్చినట్టే, గొంతు పెద్దవాడిదే పంచాయతీ, కాబట్టి పైవాడి అదుపు తప్పదు అంటారు. గట్టి వాదనే. దీన్ని కొట్టిపారేయడానికి 2021 నాటి మాచర్ల, పిడుగురాళ్లే అడ్డం. ఆ రెండు మునిసిపాలిటీల్లో అన్ని వార్డులూ పోలింగ్ లేకుండానే అప్పటి అధికార పార్టీకి ఏకగ్రీవమయ్యాయి. అంతమంది ఇరుగుపొరుగులు ఒక్క అభిప్రాయానికి రావడం గ్రీకు నగరాల్లో కూడా జరిగి ఉండదు. పంచాయతీలకైతే ప్రభుత్వమే రేటు కట్టింది. రెండు వేలలోపు జనాభాకు 5 లక్షలు, పది వేలు దాటితే 20 లక్షలు. ఊరి ఐకమత్యానికి ప్రోత్సాహకమన్నారు. ఐకమత్యం నిజంగా ఉన్న ఊరికి డబ్బు అక్కర్లేదు, లేని ఊళ్లో ఆ డబ్బు ఎవరి నోరు మూయిస్తుందో చెప్పక్కర్లేదు. పిడుగురాళ్ల ఐకమత్యం ఎంత గట్టిదో 2025 ఫిబ్రవరిలో తేలింది. వైస్ చైర్మన్ ఎన్నిక కోరం లేక వాయిదా పడి, చివరికి ఆ పదవి ఒక్క వార్డు కూడా గెలవని తెలుగుదేశానికి దక్కింది. ఓటరు రెండుసార్లూ చూస్తూనే ఉన్నాడు, ఒక్కసారీ అడిగినవారు లేరు.

అయితే ఈ సాక్ష్యం ఎటు మొగ్గుతోంది? ఊరికి అధికారం ఎక్కువై గొడవలొచ్చాయని దీన్నిబట్టి చెప్పగలమా? మాచర్ల వార్డు కౌన్సిలరు కుర్చీలో ఏ అధికారం ఉందని అంత పోటీ? ఆ కుర్చీలో ఉన్నది ఎమ్మెల్యే మనిషినన్న గుర్తింపు ఒక్కటే. పోలీస్‌స్టేషన్‌లో మాట చెల్లడం, కాంట్రాక్టు బిల్లు కదలడం, పింఛను జాబితాలో పేరు ఉండటం, అన్నీ పైనుంచి దిగేవే కాబట్టి, కింది పదవి పైవాడి విధేయతకు రసీదు అయింది. కింది కుర్చీ ఖాళీదైతే గొడవ తగ్గాలన్నది వాదన. 2024 మే 13 ఏం చెప్పింది? ఆరోజు ఎన్నిక పంచాయతీది కాదు, అసెంబ్లీది, పార్లమెంటుది. రెంటచింతల మండలం పాల్వాయి గేటులో ఎమ్మెల్యే స్వయంగా ఈవీఎంను నేలకేసి కొట్టిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. ఏప్రిల్ మొదట్లో ఒక ఎస్పీని మార్చిన ఎన్నికల సంఘం, మే 16న ఆయన స్థానంలో వచ్చిన ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టరును బదిలీ చేసింది. జిల్లాకు దక్కిన రెండు పెద్ద కుర్చీలూ ఢిల్లీ నుంచి వచ్చిన ఒక్క ఉత్తర్వుతో ఖాళీ అయ్యాయి. అధికారం పైన పోగుపడితే ఊరు చల్లబడుతుందనే సిద్ధాంతానికి పల్నాడంత పెద్ద ప్రయోగశాల ఎక్కడా దొరకదు, ఫలితమూ ఇంత స్పష్టంగా రాదు.

ఒక్క మెట్టు పైకెక్కి చూస్తే ఇదే నాటకం మన జిల్లా అంచునే ఆడింది. 2023 నవంబర్ 15న మాచర్లలో వరికపూడిశెల ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగింది. ఎత్తిపోయాల్సిన కృష్ణ మన పక్కనే పారుతుంది గానీ, పథకం దారిలో పులుల అభయారణ్యం ఉంది గనుక అనుమతి ఢిల్లీ నుంచి రావాల్సి వచ్చింది. ఆ తర్వాత సరిగ్గా రెండు వారాలు గడిచాయి. నవంబర్ 29 అర్ధరాత్రి, తెల్లారితే తెలంగాణలో పోలింగ్ అనగా, ఆంధ్ర పోలీసులు నాగార్జునసాగర్ మీదికి వెళ్లి 26 గేట్లలో 13 మావని కంచె వేసి, కుడి కాలువకు నీళ్లు వదిలారు. అప్పటి జలవనరుల మంత్రి అంబటి రాంబాబు సత్తెనపల్లి ఎమ్మెల్యే, అంటే జిల్లావారే. తాగునీటి కోసం మా హక్కు మేం తీసుకున్నామన్నారు. కుడి కాలువ మీద హక్కు న్యాయమైనదే అనుకుందాం. కానీ 1997లో దేశానికే ఆదర్శంగా చేసుకున్న సాగునీటి రైతు సంఘాల చట్టం ఉంది. అందులో కాలువ చివరి రైతు నుంచి ప్రాజెక్టు కమిటీ దాకా మెట్లున్నాయి. ఆ రాత్రి గేటు ఎత్తేముందు ఆ మెట్లలో ఒక్కదాన్నైనా ఎవరైనా అడిగిన దాఖలా లేదు. హైదరాబాదును కాదని, హైదరాబాదులోనే కూర్చున్న కృష్ణా బోర్డును కాదని గేట్లు పంచుకున్నవారికి, గేటు కింద నీళ్లు పెట్టుకునేవాడు గుర్తు రాలేదు. రెండు రోజుల్లో కేంద్ర హోంశాఖ వీడియో కాన్ఫరెన్సు పెట్టింది. నవంబర్ 28 నాటి స్థితికి వెళ్లమంది, డ్యామ్ మీద సీఆర్‌పీఎఫ్‌ను దింపింది. 13 గేట్లు మావన్న అమరావతీ, 26 మావన్న హైదరాబాదూ రెండూ తలూపాయి. మొత్తం 26కూ కాపలా ఢిల్లీదే అయింది. ఆ తర్వాత కూడా రాష్ట్రాల హక్కుల గురించి మన నాయకులు ఉపన్యాసాలు ఇస్తూనే ఉన్నారు. పంచాయతీ కార్యదర్శులు ఆ సభలకు మైకూ కుర్చీలూ సమకూరుస్తూనే ఉన్నారు, బిల్లు మాత్రం ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో పెండింగు.