ముక్కులో చుక్కలు

మూడు నెలల పాప. అర్ధరాత్రి మా పిల్లల వార్డుకి తెచ్చేసరికి ఒళ్లు చల్లబడి ఉంది. ఎంత కదిపినా కళ్లు తెరవడం లేదు. గుండె మరీ మెల్లగా కొట్టుకుంటోంది.

"అంతా మా అత్తగారి నిర్వాకం సిస్టర్! జలుబు చేసిందని ఊరినుంచి ఏవో చుక్కలు పట్టుకొచ్చి పాప ముక్కులో వేశారు. చూడగానే ఆ సీసా చెత్తబుట్టలో పడేశాను" అన్నాడు తండ్రి.

ఆ పెద్దావిడ గోడవారగా నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

"ఆ తర్వాత మీరేమైనా వేశారా?" అడిగారు డాక్టరుగారు.

"నేను వాడే చుక్కలు వేశాను సార్. నిమిషంలో ముక్కు తెరుచుకుంది. రాత్రి ఇంకోసారి వేశాను. హాయిగా నిద్రపోయింది."

జేబులోంచి తీసిన సీసా మీద జైలోమెటాజోలిన్ 0.1 శాతం అని ఉంది. పెద్దల మోతాదు. ముక్కులోని రక్తనాళాలను బిగించి దారి ఇచ్చే మందు అది. పెద్దవాళ్లే నాలుగైదు రోజులు మించి వాడితే ముక్కు మళ్లీ మూసుకుపోతుంది. చంటిబిడ్డకి వేస్తే ముక్కుపొర గుండా రక్తంలో కలిసి మెదడు దాకా పోతుంది. మగత కమ్ముతుంది. గుండె, ఊపిరి రెండూ నెమ్మదిస్తాయి. ఆయన నిద్ర అనుకున్నది దాన్నే.

రాత్రంతా మానిటరు పెట్టి కనిపెట్టుకుని ఉన్నాం. తెల్లవారుతుండగా పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఇంటికి పంపేముందు చుక్కలు వేసే పద్ధతి తల్లికి దగ్గరుండి చూపించాను. పాలు పట్టడానికి పావుగంట ముందు వేయాలి. వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల కింద చిన్న గుడ్డ మడతపెట్టాలి. సీసా మూతి ముక్కుకి తగలకూడదు. తగిలితే లోపలి మందంతా పాడవుతుంది. ఒక్కో రంధ్రంలో ఒకటి రెండు చుక్కలు, కాసేపు అలాగే ఉంచాలి. ఒకరి సీసా ఇంకొకరికి ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు.

తండ్రి చీటీ పట్టుకెళ్లి మందు తెచ్చాడు. సెలైన్ చుక్కలు, 0.65 శాతం శుద్ధమైన ఉప్పునీరు.

పెద్దావిడ ఆ సీసా అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు నోరు విప్పింది.

"మా ఊరి సర్కారు ఆస్పత్రి డాక్టరమ్మ ఇచ్చింది ఇదే బాబూ. మీరు పారేసిందీ ఇదే."