నలుపు తటస్థం: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

నలుపు మసిని లేత నలుపును కలపంగఁ
దేనె వన్నె తోచు, తీర్పనెంచి
నీలి వంపు దిద్ది నిలిపెడి వానికిఁ
దటము పైన నిలుచుఁ దగిన నలుపు.

టీక

నలుపు మసిని = ఇంక్‌జెట్ ప్రింటర్‌లోని కార్బన్ పిగ్మెంట్ సిరాను; లేత నలుపును = అదే సిరాను పలచన చేసి నింపిన వేరొక కాట్రిడ్జిని; కలపంగన్ = చుక్కచుక్కగా కాగితంపై చల్లగా; తేనె వన్నె = గోధుమ ఛాయ; తోచున్ = కనబడును; తీర్పన్ ఎంచి = ఆ దోషం పోగొట్టదలచి; నీలి వంపు = సయాన్, మెజెంటా సిరాల కర్వ్; దిద్ది = సరిచేసి; నిలిపెడి వానికిన్ = చెదరనీయని వానికి; తటము పైన = ఒడ్డున (ఏ ఒడ్డో ముందు చెప్పబడును); తగిన నలుపు = ఏ రంగూ అంటని బూడిద వన్నె; నిలుచున్ = నిలబడును.

తాత్పర్యం

మసికి పుట్టుకతోనే కాస్త గోధుమ ఛాయ ఉంటుంది. చిక్కగా పడినచోట అది కంటికి ఆనదు, పలచబడినకొద్దీ బయటపడుతుంది. రంగు సిరాలను కొద్దిగా చేర్చి దాన్ని అణచడమే పద్యార్థం.

విశేషాలు

‘లేత నలుపు’ ఒకటి కాదు. 2005లో వచ్చిన ఎప్సన్ కె3 సిరాల్లో బ్లాక్, లైట్ బ్లాక్, లైట్ లైట్ బ్లాక్ అని మూడున్నాయి. లేతలేత అనడం పునరుక్తి దోషమని ఆక్షేపించరాదు. ముఖం మీది వెలుగును చిక్కటి నలుపుతో అచ్చువేస్తే బుగ్గన మిరియాల పొడి చల్లినట్టుంటుంది.

తటస్థమంటే ఒడ్డున నిలిచినది. 1976 నాటి ల్యాబ్ అనే రంగుల కొలమానంలో ఆ ఒడ్డుకు రెండు సున్నాలు గుర్తు. ‘ఎ’ విలువ పెరిగితే ఎరుపు, తగ్గితే ఆకుపచ్చ. ‘బి’ పెరిగితే పసుపు, తగ్గితే నీలం. రెండూ సున్నా అయితే వన్నె తడవకుండా నిలిచినట్టు. నడిమి బూడిద మెట్టును స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలిస్తే ఎ 1, బి 4 వచ్చాయనుకుందాం: తేనె అదే. సయాన్ ఆ మెట్టును ఆకుపచ్చ, నీలాల వైపు లాగుతుంది. మెజెంటా ఎరుపు, నీలాల వైపు. రెండూ కలిస్తే పసుపు విరుగుతుంది. ఎరుపు, ఆకుపచ్చలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మొదటే కాస్త ఎరుపుంది కనుక సయాన్ ఒక పాలు ఎక్కువ పడాలి. చుక్క కనబడకుండా లైట్ సయాన్, లైట్ మెజెంటా వాడటం మేలు.

గీత అనక ‘వంపు’ అనడంలో ఔచిత్యముంది. ఇలా చేర్చే రంగుసిరా తెలుపు దగ్గర సున్నా. నడుమ లేచి, నలుపు చేరేసరికి తగ్గుతుంది. రాయ్ హారింగ్టన్ రూపొందించిన క్వాడ్‌టోన్ రిప్ సాఫ్ట్‌వేర్‌లో కర్వ్ అంటే సిరాకు 256 అంకెల చొప్పున వరస. ఒక్కో అంకె 0 నుంచి 65535 దాకా. నడుమ ఒక్క అంకెను పెంచి ఊరుకుంటే ఆకాశం బొమ్మలో అడ్డచార పడుతుంది. ఇరుగుపొరుగు అంకెలను కూడా వంచాలి.

పూర్వపక్షం: సయాన్, మెజెంటా, పసుపులతోనే బూడిద వన్నె రాదా? వస్తుంది. కానీ కిటికీ వెలుగులో తటస్థంగా ఉన్న బొమ్మ బల్బు కింద ఎరుపుకో ఆకుపచ్చకో తిరగవచ్చు. అందుకే బరువు మసిదే. రంగుసిరా కూరలో ఇంగువ.

శంక: సున్నాయే పరమావధా? కాదు. తెల్లదనం పెంచే మెరుపు రసాయనాలు కలిపిన కాగితం స్వతహాగా నీలిది. అవి లేని పత్తి కాగితం కాస్త పసుపుది. తెల్లటి భాగాల్లో కనిపించేది కాగితమే. అక్కడ పట్టుబట్టి సున్నా తెద్దామని చుక్కలు పోయడం మొండితనం. నలుపు దగ్గరి సున్నా నుంచి కాగితపు వన్నె దాకా మెల్లగా జారనివ్వడమే సిద్ధాంతం.

క్రమం విషయంలో పద్యం మౌనం వహించింది. ముందు సిరా పరిమితి (కాగితం ఎంత సిరా పట్టగలదో తేల్చడం), తర్వాత మెట్ల సమీకరణ (తెలుపు నుంచి నలుపు దాకా బూడిద మెట్లను సమంగా అమర్చడం), ఆపై ఈ వంపు. చేర్చిన సిరా బొమ్మను నల్లబరుస్తుంది కనుక సమీకరణ మళ్ళీ చేయాలి. తడి ఆరకముందు తీసిన కొలత చెల్లదు.

దిద్దిన వంపు ఒక ప్రింటర్‌కు, ఒక సిరాకు, ఒక కాగితానికే వర్తిస్తుంది. కాగితం మారితే పద్యాన్ని మొదటి పాదం నుంచి చదువుకోవాలి.