ఒక మౌనాపరాధి ఆత్మకథ

నా ఆకృతిని చూచి నన్నెవరును గౌరవింపరు. బొటనవ్రేలంత నల్లని ప్లాస్టిక్ దేహము, దాని కొసన ఒక ఇనుప మొన, వెనుక తోకవలె వ్రేలాడు ఒక తీగ: ఇంతే నేను. అయినను 2002వ సంవత్సరమున తయారైన ఒక పెట్రోలు కారులో, ఇంజనునకును గేర్‌బాక్సునకును సంధియగు చోట, నూనెమురికిలోను సెగలోను కూర్చుండి, పదునైదేండ్లపాటు ఆ యంత్రమున కంతటికిని కాలజ్ఞానము చెప్పినదానను నేనే. శాస్త్రగ్రంథములు నన్ను క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సార్ అని సంబోధించును. విజయవాడ ఆటోనగరులో మాత్రము నేను వట్టి క్రాంకు సెన్సారును.

నా కడుపులో ఒక అయస్కాంతమును, ఒక ఇనుప కమ్మీని చుట్టుకొనియున్న వెండ్రుకవంటి రాగితీగయు కలవు. 1831లో మైకేల్ ఫారడే లోకమునకు వెల్లడించిన విద్యుదయస్కాంత ప్రేరణమే నా కులవిద్య. నా మొనకు సుమారొక మిల్లీమీటరు దూరమున ఒక పళ్ళచక్రము ఇంజనుతోపాటు తిరుగుచుండును. దానికి 60 పళ్ళకు తావున్నను, ఉన్నవి 58 మాత్రమే. తక్కిన రెంటిని నిర్మాతలు బుద్ధిపూర్వకముగనే విడిచిరి. ఒక్కొక్క పన్ను నన్ను దాటునపుడెల్ల నా తీగలో ఒక విద్యుత్తరంగము పుట్టును. ఆ బోసి సందు ఎదురైనపుడు తరంగము తప్పును. ఆ లోపమునే గుర్తుగా గ్రహించి, ఈసీయూ అను కంప్యూటరు ఏ పిస్టను ఎచ్చట నున్నదో లెక్కకట్టి, ఎప్పుడు పెట్రోలు చల్లవలయునో, ఎప్పుడు నిప్పురవ్వ రాల్పవలయునో ఆజ్ఞాపించును. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు నేను సెకనునకు 2900 మాటలు పలుకుదును. ఆ మాటలకంటె వాని నడుమనుండు చిన్న మౌనమే విలువైనదని నాకు బాల్యమునుండియు తెలియును. కాని పెద్ద మౌనము ఎంతటి అనర్థమునకు మూలమగునో వార్ధక్యమున గాని తెలియలేదు.

రోళ్ళు పగులునని పెద్దలు చెప్పు రోహిణీకార్తె ఎండలలో, నా యజమానియగు రిటైరైన బడిపంతులుగారు సకుటుంబముగ హైదరాబాదునకు బయలుదేరిరి. కీసర టోల్‌గేటు వద్ద వరుసలో నిలిచియుండగా ఇంజను హఠాత్తుగా ఆగిపోయెను. సెల్ఫు కొట్టిన కొలదియు గిరగిర తిరుగునే కాని స్టార్టు కాదు. వెనుక లారీల హారన్లు, ముందు పోలీసువారి ఈలలు, లోపల మనుమరాలి ఏడుపు! అరగంట చల్లారిన పిమ్మట తాళపుచెవి త్రిప్పగనే, ఏమియు ఎఱుగనట్లు ఇంజను పలికెను. పంతులుగారు ప్రయాణము మాని వెనుదిరిగిరి.

నిజము చెప్పెదను. దోషము నాదే. ఏండ్ల తరబడి వేడికి వ్యాకోచించుచు, చల్లదనమునకు సంకోచించుచు, నా రాగితీగ ఒకచోట తెగినది. చల్లగా నున్నపుడు తెగిన కొసలు రెండును ఒకదానినొకటి తాకుచుండును; కాగినపుడు ఎడమగును. కావుననే ఊరు చేరి షెడ్డులో నిలిచిన కారు ఆరోగ్యవంతముగ కానవచ్చెడిది. జ్వరము దిగిన తరువాత వైద్యుని యెదుట నిలిచిన రోగివలె, నేనును పరీక్షకు నిలిచినపుడెల్ల చల్లగనే ఉంటిని.

మొదటి షెడ్డువారు పెట్రోలు పంపును అనుమానించిరి. అందును కొంత న్యాయము లేకపోలేదు. నా మాట వినబడనిచో ఇంజను నిలిచినదని తలంచి కంప్యూటరు పంపును సైతము ఆపివేయును గనుక, ఆగిన కారులో చెవియొగ్గి వినువారికి పంపు రొద వినబడదు. వారు క్రొత్త పంపును వైచిరి. నాలుగు దినములు కారు నడచెను. అయిదవనాడు మరల నిలిచెను. పిమ్మట ప్లగ్గులు మారినవి, ఇగ్నిషన్ కాయిలు మారినది. పంతులుగారి పింఛను కరిగినది. నా బదులు నిరపరాధులందరును ఊడదీయబడి చెత్తబుట్ట పాలగుచుండగా, నోరులేని నేను చూచుచుంటిని.

మఱియొకరు స్కానరు తగిలించిరి. నా వ్యాధికి పీ0335 అను సంకేతమొకటి కలదు; కాని మా పాతకాలపు కంప్యూటరు దానిని వ్రాసికొననే లేదు. దాని ధర్మసంకటము నేనెఱుగుదును. ఇంజను ఆగినప్పుడు నేను మౌనముగ నుండుట సహజము. మఱి నేను మౌనము వహించినందుచేతనే ఇంజను ఆగినచో, ఆ మౌనమునకును ఈ మౌనమునకును భేదమును అది ఎట్లు గుర్తింపగలదు? కార్యకారణములు రెండును ఒకే ముసుగు వేసికొని వచ్చినప్పుడు కంప్యూటరు మాత్రమే కాదు, పండితులును మోసపోవుదురు.

ఆ ముడిని విప్పినవాడు ఆటోనగరులో ముప్పదియేండ్లుగా చేతులు మసిచేసికొనుచున్న ఒక ముసలి మేస్త్రి. ఆయన బానెట్టు ఎత్తలేదు. "ఎప్పుడు ఆగుద్ది మాష్టారూ?" అని అడిగెను. "మధ్యాహ్నం, బాగా కాగినప్పుడు" అని పంతులుగారు చెప్పగా, "అయితే మధ్యాహ్నమే వెళ్దాం. మీరే తోలండి" అని ప్రక్కన కూర్చుండెను. గన్నవరపు దారిలో ఏసీ వేసికొని ముప్పావుగంట తిరిగినంతట, మూడవ గేరులో ఇంజను చచ్చెను. "క్లచ్చి తొక్కకండి, గేరు తీయకండి! ఆ ముల్లు చూడండి" అని మేస్త్రి కేకవేసెను. కారు ఇంకను దొర్లుచున్నది. చక్రములే ఇంజనును త్రిప్పుచున్నవి. అయినను చుట్లు చూపెడి ముల్లు సున్న మీద పడియున్నది. "ఇంజను తిరుగుతానే ఉంది. తిరుగుతోందని చెప్పేవాడు నోరు మూసుకున్నాడు. అంతే మాష్టారూ!"

అంతటితో ఆయన తృప్తిపడలేదు. కారు చెట్టునీడకు చేరగనే, చన్నీట తడిపిన గుడ్డను నా దేహముపై మాత్రమే కప్పెను. ఇంజను అంతయు ఇంకను కుతకుతలాడుచున్నను, అయిదు నిమిషములలో నాకు మాట వచ్చెను, కారు కదలెను. షెడ్డులో నన్ను ఊడదీసి మల్టీమీటరు తగిలింపగా 900 ఓములు చూపెను. కుర్రవాడు "బాగానే ఉంది కదా మేస్త్రీ" అనెను. మేస్త్రి నన్ను ప్లాస్టిక్ కవరులో చుట్టి, ప్రక్క టీకొట్టు నుండి తెప్పించిన మరుగునీటి గ్లాసులో ముంచెను. అంకె మెల్లగా వేయి దాటెను. "వేడికి కాస్త పెరగడం రాగి గుణం" అని మేస్త్రి చెప్పుచుండగనే అంకె అదృశ్యమయ్యెను. "ఇది జబ్బు."

నా స్థానమున క్రొత్తదానిని బిగించిరి. పంతులుగారు ఈమారు హైదరాబాదు చేరిరని వింటిని. నన్ను మాత్రము మేస్త్రి పారవేయక, మేకులడబ్బాలో దాచియుంచెను. క్రొత్తగా పనికి చేరిన ఏ కుర్రవాడైనను ఏదేని ఒక సామానును చల్లగా కొలిచి "బాగానే ఉంది" అని తీర్పు చెప్పినచో, ఆ డబ్బా మూత తెరచుకొనును, టీకొట్టు నుండి గ్లాసు వచ్చును. నేను మొదట నిజము పలికి, పిదప ఒడలు కాగిన కొలదిని ఊరకుందును. కుర్రవాడు మీటరు వంక చూచి, మేస్త్రి వంక చూచును. ఆయనయు ఏమియు పలుకడు.